ఉత్తరాంధ్ర అర పెట్టాలంటే: ఏ పుస్తకం, ఏ ముద్రణ, ఎన్ని కాపీలు?

ఏడురోడ్ల షాపు (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారం. పోటీ పరీక్షల గైడ్లు, నోటుపుస్తకాలు అమ్మే షాపులో ఒక ర్యాకు సాహిత్యానికి కేటాయించాలి. మూడడుగుల వెడల్పు, ఐదు అరలు. పెట్టుబడి ₹20,000 దాటకూడదు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం నాటికి సిద్ధం కావాలి. మన జిల్లాల రచయితలే ముందు. ఏ పుస్తకాలు, ఎన్నేసి కాపీలు, ఎక్కడ తప్పు జరుగుతుంది అన్నది వివరంగా చెప్పగలరు. కన్యాశుల్కం ఒక్కటే నాలుగైదు రకాల ముద్రణలు కనిపిస్తున్నాయి, అందులో ఏది తేవాలో కూడా.

గంటస్తంభం
ముందు లెక్క చూడండి బాబూ. సగటు ధర ₹200 అనుకుందాం. పబ్లిషరు 35 శాతం తగ్గిస్తే కాపీ ₹130 పడుతుంది. ₹20,000కి సుమారు 153 కాపీలు వస్తాయి. వాటిని ఇలా విడగొట్టండి: ఏడాది పొడవునా అడిగే 12 పుస్తకాలు నాలుగేసి (48), అప్పుడప్పుడు అడిగేవి 20 రెండేసి (40), అర నిండుగా కనిపించడానికి 30 పుస్తకాలు ఒక్కొక్కటి. మొత్తం 118. మిగతా 35 కాపీల డబ్బు తీసి పక్కన పెట్టండి. మొదటి నెలలో జనం ఏది అడిగి లేదనిపించుకుని వెళ్ళారో రాసుకుని, ఆ డబ్బుతో అవే తెప్పించండి. మొదటి రోజే అంతా ఖర్చు పెట్టేస్తే, అడిగిన పుస్తకం లేక, ఉన్న పుస్తకం కదలక ర్యాకు మూడు నెలల్లో చచ్చిపోతుంది.

200 పేజీల పుస్తకం అరంగుళం మందం ఉంటుంది. 36 అంగుళాల అరలో వెన్నులు బయటికి కనబడేలా పెడితే 65, 70 పడతాయి. అంటే మీ సరుకు రెండున్నర అరల్లో సరిపోతుంది. మిగిలిన చోట ముఖచిత్రం కనబడేలా నిలబెట్టండి. కళ్ళ ఎత్తులో ఉన్న అరకి అమ్మకం ఎక్కువ. ఆ అర మన జిల్లాల వాళ్ళకే ఇవ్వండి.

బొంకులదిబ్బ (విజయనగరం)
కన్యాశుల్కం సంగతి నేను చెప్తాను. ఇది తొందరపడి తెచ్చే పుస్తకం కాదు.

నాటకం మొదట ఆడింది 1892లో, విజయనగరంలోనే. అచ్చయింది 1897లో. అది ఐదంకాల నాటకం. గురజాడ దాన్ని తిరగరాసి, పెంచి, 1909లో ఏడంకాలుగా వేయించారు. మధురవాణికి అంత చోటు దొరికింది ఈ రెండో కూర్పులోనే. ఇవాళ జనం కన్యాశుల్కం అంటే వాళ్ళ మనసులో ఉన్నది 1909 నాటిది. మొదటి కూర్పును పరిశోధకుడు బంగోరె (బండి గోపాలరెడ్డి) వెలికి తీసి మళ్ళీ అచ్చు వేయించారు. అది పరిశోధకులకి, రెండూ పోల్చి చూసుకునే వాళ్ళకి. షాపులో ఒక్క కాపీ ఉంటే చాలు, కానీ రెండూ ఒకే చోట పెడితే మాత్రం మొదటి దాని మీద "ఐదంకాల తొలి కూర్పు" అని చీటీ కట్టండి. లేకపోతే డిగ్రీ పిల్లలు పొరపాటున అది పట్టుకెళ్ళి, పాఠంలో చెప్పిన సీను లేదంటూ వెనక్కి తెస్తారు.

గురజాడ పోయింది 1915లో. కాపీహక్కు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అందుకే ఇన్ని ముద్రణలు, అందుకే ఇన్ని తప్పులు. పుస్తకం చేతిలోకి తీసుకున్నాక ఇవి చూడండి.

అంకాలు ఏడూ ఉన్నాయా? కొన్ని చవక ముద్రణలు "సంక్షిప్త" అన్న మాట లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తాయి.

గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలు రెండు ఉండాలి, ఒకటి 1897ది, ఒకటి 1909ది. అవి తీసేసి ఎవరిదో కొత్త ముందుమాట వేస్తే ఆ ముద్రణ వద్దు.

గిరీశం మాటల్లో ఇంగ్లీషు వాక్యాలు చాలా ఉంటాయి. వాటికి పేజీ అడుగున తెలుగు అర్థం ఇచ్చిన ముద్రణ అయితే ఇంటర్ పిల్లలు కూడా చదవగలరు. ఇది అమ్మకాన్ని నిజంగా మార్చే విషయం.

అన్నిటికంటే ముఖ్యం, వాడుక మాటని "సరిదిద్దారా" అన్నది. బుచ్చమ్మా, పూటకూళ్ళమ్మా, అసిరిగాడూ ఎవరి మాట వాళ్ళది. ఆ తేడాలన్నీ ఒకే ప్రామాణిక భాషలోకి మార్చిన పుస్తకాలున్నాయి. గురజాడ ప్రాణం పెట్టిందే దాని మీద. అది మార్చేశాక ఇంకేం మిగిలింది?

చివరగా ఆఖరి పేజీ. నాటకంలో చివరి మాట గిరీశానిది. అది లేకుండా ముగిసిందంటే ఆఖరి ఫారం (కలిపి మడిచిన పేజీల కట్ట) ఊడిపోయినట్టే.

నాగావళి చదువరి
బొంకులదిబ్బ మాష్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటి కలుపుతాను. గురజాడ సమగ్ర రచనలు 'గురజాడలు' పేరుతో ఒకే సంపుటంగా వచ్చాయి. అది ఒక్క కాపీ పెట్టండి. కథలు, కవితలు, ఉత్తరాలు అన్నీ అడిగే వాళ్ళకి పది చిన్న పుస్తకాలు వెతకనక్కర్లేదు.

'దిద్దుబాటు' 1910 నాటి కథ. షాపులో ఎవరైనా "తొలి తెలుగు కథ కావాలి" అంటే అది ఇచ్చి ఊరుకోకండి. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చింది. రెండూ ఉన్న సంకలనం చూపిస్తే కొనేవాళ్ళకి మీ మీద నమ్మకం కుదురుతుంది.

ఇప్పుడు కారా మాష్టారు (కాళీపట్నం రామారావు). 'యజ్ఞం' (1964) పేరు అందరికీ తెలుసు కాబట్టి అందరూ అదే అడుగుతారు. కొత్త చదువరికి అదే మొదట ఇవ్వకండి. అది పొడుగు కథ. అప్పు, తగవు, సాక్ష్యం, ఊరి పెద్దల మాటలు పొరలు పొరలుగా నడుస్తుంది. మొదటి ఇరవై పేజీల్లో పట్టు దొరక్కపోతే పుస్తకం మూసేస్తారు. ముందు 'జీవధార', తర్వాత 'ఆర్తి', 'చావు', ఆ తర్వాత 'యజ్ఞం'. ఈ వరసలో చదివిన వాళ్ళు యజ్ఞం దగ్గర ఆగరు, 'కుట్ర' దాకా వెళ్తారు. 'యజ్ఞంతో తొమ్మిది'కి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ వచ్చింది. అది నాలుగు కాపీల జాబితాలో ఉండాల్సిందే.

గంటస్తంభం
ఇక్కడ నాకు వేరే మాట ఉంది. 'యజ్ఞం' అడిగి వచ్చిన మనిషికి "ముందు ఇది కాదు, అది చదవండి" అంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. అడిగింది ఇవ్వాలి. వరస చెప్పాలంటే పుస్తకంలో ఒక చీటీ పెట్టండి.

నాగావళి చదువరి
ఒప్పుకుంటాను, చీటీయే మంచి దారి. మందపాటి కాగితం, రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. పైన "ఈ వరసలో చదవండి", కింద నాలుగు కథల పేర్లు, పేజీ నంబర్లు. పేజీ గుర్తుగానూ పనికొస్తుంది. పేజీ నంబర్లు మాత్రం మీ దగ్గరున్న ముద్రణ చూసే రాయండి, ముద్రణ మారితే అవీ మారిపోతాయి.

మిగతా వాళ్ళకీ అలాంటి చీటీలు:

చాసోకి: 'ఎంపు', 'కుంకుడాకు', 'వాయులీనం', 'ఏలూరెళ్ళాలి'. అన్నీ చిన్నవి. రైల్లో ఆమదాలవలస నుంచి విజయనగరం చేరేలోపు రెండు పూర్తవుతాయి. కథ అంటే భయపడే వాడికి మొదట చాసోనే ఇవ్వాలి, ఇందులో నాకు సందేహం లేదు. పుట్టింది శ్రీకాకుళంలో, బతికింది విజయనగరంలో, కాబట్టి రెండు ఊళ్ళూ ఆయన్ని మావాడే అంటాయి.

రావిశాస్త్రికి: 'ఆరు సారా కథలు' ముందు, 'అల్పజీవి' తర్వాత. 'రత్తాలు-రాంబాబు' అడిగితే ఇవ్వండి కానీ అది అసంపూర్తి నవల అని కొనేముందే చెప్పండి. చెప్పకపోతే "ఆఖరి పేజీలు లేవు" అని తగువుకొస్తారు. మొత్తం రచనలు ఒకే చోట కావాలంటే 'రచనా సాగరం' సంపుటం ఉంది.

బలివాడ కాంతారావు గారిని మరిచిపోకండి. మడపాం మనిషి. 'దగాపడిన తమ్ముడు' ఎక్కడ దొరికినా రెండు కాపీలు తీసుకోండి.

మూడులాంతర్లు
పేర్ల గందరగోళం గురించి ఎవరూ ఎత్తలేదు. షాపులో రోజూ అయ్యే తప్పు ఇదే.

పతంజలి ఇద్దరు. కె.ఎన్.వై. పతంజలి మన అలమండ. 'ఖాకీవనం', 'పెంపుడు జంతువులు', 'వీరబొబ్బిలి', 'గోపాత్రుడు', 'పిలకతిరుగుడు పువ్వు' ఆయనవి. తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి వేరు. 'రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు'కి 2023 కేంద్ర సాహిత్య అకాడమీ ఈయనకి వచ్చింది. "అకాడమీ వచ్చిన పతంజలి కావాలి" అంటే రెండో ఆయన. "కుక్క కథ, భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అన్న తగువు" అంటే మొదటాయన. అలమండ పుస్తకాల్లో వరస కూడా ముఖ్యం: వీరబొబ్బిలి, గోపాత్రుడు, పిలకతిరుగుడు పువ్వు. మూడోది ముందు చదివితే సగం రుచి పోతుంది.

చాసో పూర్తి పేరు చాగంటి సోమయాజులు. ఆన్‌లైన్‌లో "చాగంటి" అని కొడితే ముందు ప్రవచనాల పుస్తకాలు వస్తాయి. ఆర్డరు పెట్టేటప్పుడు "చాసో కథలు" అని పుస్తకం పేరే రాయండి.

కంప్యూటర్లో జాబితా పెట్టుకుంటే మూడు గడులు విడిగా ఉంచండి: ఇంటిపేరుతో పూర్తి పేరు, జనం పిలిచే పేరు, పుస్తకం పేరు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ఒక గడిలో, రావిశాస్త్రి ఇంకో గడిలో. "విశ్వనాథ", "విశ్వనాధ" రెండు రకాలుగా రాస్తారు కాబట్టి వెతికేది జనం పిలిచే పేరుతోనే. చాలామంది పబ్లిషర్లు ధరల పట్టీ 'అను' ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) పంపుతారు. అది మీ ఫోనులో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చాక వత్తులు, ముఖ్యంగా "ర" వత్తు, ఒకసారి కళ్ళతో చూసుకోండి. అక్కడే ఎక్కువ చెడుతుంది.

తెలుగు పుస్తకాల్లో ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) లేనివి బోలెడు. అందుకని దాన్ని నమ్ముకుని జాబితా కట్టకండి. సొంత నంబరు ఇచ్చుకోండి: కథ-014, నవల-007 ఇలా. ఆ నంబరు వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాయండి. ధర మీద స్టిక్కరు అంటించొద్దు, తీస్తే అట్ట రంగు లేచిపోతుంది.

వేగావతి
పార్వతీపురం మన్యం వైపు రచయితలు ఒక్కరూ రాలేదే ఈ జాబితాలో? గంటేడ గౌరునాయుడు 'ఏటిపాట', మల్లిపురం జగదీశ్ 'శిలకోల', అట్టాడ అప్పల్నాయుడు 'క్షతగాత్రగానం'. ఇవి లేకుండా ఉత్తరాంధ్ర అర అనకూడదు. పాత వాళ్ళంటే పేరు చూసి కొంటారు, వీళ్ళని మనం చేతికిస్తేనే కొంటారు. పల్లె మాట నచ్చిన వాళ్ళకి చింతకింది శ్రీనివాసరావు 'దాలప్పతీర్థం' కూడా.

ఇలాంటి పుస్తకాలు చాలావరకు తక్కువ కాపీలే వేస్తారు. అయిపోతే మళ్ళీ అచ్చు ఎప్పుడో ఎవరికీ తెలీదు. దొరికినప్పుడే మూడేసి తీసుకోవాలి.

గంటస్తంభం
వేగావతి గారి మాట మంచిది, నాలుగేసి కాపీల పన్నెండులో మూడు అటే ఇవ్వండి. రచయితలే సొంతంగా వేసుకున్న పుస్తకాలకి పద్ధతి వేరు. అమ్ముడైతే డబ్బు, లేదంటే వెనక్కి. ఒక్కసారి ఐదు కాపీలు మించి పెట్టించుకోకండి. చీటీ మీద నాలుగు సంగతులు ఉండాలి: కాపీలు, ధర, మీ వాటా, లెక్క చూసే తేదీ. 90 రోజులకి ఒకసారి లెక్క. తేదీ రాయకపోవడం వల్లే రచయితకీ షాపుకీ చెడుతుంది, డబ్బు వల్ల కాదు.

కుట్టుబైండు
అచ్చు, కట్టు గురించి కొంచెం చెప్తాను. కొనేవాడు చూడడు, మనమే చూడాలి.

పదహారు పేజీలు ఒక ఫారం. 240 పేజీల పుస్తకంలో 15 ఫారాలు. కట్ట రాగానే ప్రతి పుస్తకాన్నీ చూడక్కర్లేదు. ఒక్కో పేరులో ఒక కాపీ తీసి 16, 17 పేజీల మధ్య, 32, 33 మధ్య, ఇలా ఫారం మారే చోట్ల నంబర్లు చూడండి. ఫారం ఎగిరిపోవడం, ఒకే ఫారం రెండుసార్లు పడడం, తలకిందులుగా పడడం, మూడూ అక్కడే దొరుకుతాయి. లోపం ఉంటే అదే వారంలో పబ్లిషరుకి ఫొటో పంపాలి. నెల దాటితే ఎవరూ మార్చరు.

300 పేజీలు దాటిన పుస్తకం దారంతో కుట్టిందే తీసుకోండి. జిగురు మాత్రమే వేసినవి ఏప్రిల్, మే ఎండలకి వెన్ను పెళుసెక్కి, మధ్యలో తెరవగానే విడిపోతాయి. వెన్ను పైభాగం నుంచి చూస్తే కుట్టినవాటిలో చిన్న చిన్న మడతల గుత్తులు కనిపిస్తాయి. జిగురు బైండులో కాగితాలు విడివిడిగా, చదునుగా ఉంటాయి.

దొంగ ముద్రణలు: అక్షరాల అంచులు మసగ్గా, అక్కడక్కడా పేజీ పక్కన నల్లటి గీత, ముద్రాపకుడి చిరునామా ఉండదు. కాపీహక్కు రచయిత పోయిన 60 ఏళ్ళ దాకా ఉంటుంది. రావిశాస్త్రి 1993లో పోయారు, అంటే 2053 చివరిదాకా. కె.ఎన్.వై. పతంజలి 2009లో, అంటే 2069 దాకా. కారా 2021లో, అంటే 2081 దాకా. వీళ్ళ పుస్తకం సగం ధరకి జిరాక్స్ కాగితం మీద వస్తే ముట్టుకోకండి. గురజాడ, గిడుగు రామమూర్తి, ఆదిభట్ల నారాయణదాసు పుస్తకాలు మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు.

ఇక వాన. ర్యాకు గోడకి రెండంగుళాలు ఎడంగా, కింది అర నేల నుంచి కనీసం ఆరంగుళాలు పైన. పడమటి గోడకి ఆనించి పెడితే వానాకాలంలో చెమ్మ పుస్తకంలోకి దిగుతుంది. అరలు కిక్కిరిసి ఉండకూడదు, వేలు దూరేంత ఖాళీ ఉండాలి. చెదలు వచ్చేది ఎక్కువగా నేల నుంచి, అట్టపెట్టెల్లోంచి. పార్సిల్ పెట్టె అదే రోజు బయట పారేయండి. అక్టోబరు మరీ జాగ్రత్త. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. ఆ నెల పొడవునా కింది అరలో నోటుపుస్తకాలు పెట్టి, సాహిత్యం పైకి ఎక్కించండి.

తడిస్తే 48 గంటల్లోపు బూజు మొదలవుతుంది. ఎండలో ఆరబెట్టొద్దు, కాగితం వంకర పోతుంది. ఫ్యాను కింద నిలబెట్టి, పాతిక పేజీలకి ఒకటి చొప్పున తెల్ల కాగితం పెట్టి, రెండు గంటలకోసారి మార్చాలి. న్యూస్ పేపరు పెడితే దాని సిరా అంటుకుంటుంది. నిగనిగలాడే ఆర్ట్ పేపర్ పుస్తకం అయితే పేజీలు అతుక్కున్నాక ఇక రావు, దాని మీద టైము పెట్టకండి.

కళింగపట్నం పోస్టు
పార్సిల్ సంగతి. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది. చాలామంది ఇంకా అదే రేటు చెప్పి కొనేవాళ్ళ దగ్గర డబ్బు తక్కువ తీసుకుంటున్నారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా ₹20, ఐదు కిలోల దాకా ₹100, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది, కానీ నేలమార్గంలోనే వెళ్తుంది కాబట్టి ఆలస్యం అవుతుంది. పుస్తకం మీద ముద్రాపకుడిదో ప్రచురణకర్తదో పేరు ఉండాలి. ప్రకటనల కరపత్రాలు లోపల పెట్టకూడదు.

300 గ్రాముల్లో ఏది సరిపోతుందంటే: డెమీ సైజు, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల) కాగితం, 200 పేజీలు అయితే లోపలి కాగితం 212 గ్రాములు, అట్టతో 230. ప్యాకింగ్ 40 వేసుకున్నా 270. అదే 250 పేజీలైతే కాగితమే 265 అవుతుంది, 300 దాటిపోతుంది. ప్యాకింగ్ కూడా ముఖ్యం. ముందు ప్లాస్టిక్ కవరు, దాని మీద ముడతల అట్ట, మూలల దగ్గర రెండు మడతలు. మూల నలిగిందంటే వెనక్కి వస్తుంది.

మీకు వచ్చే సరుకు గురించి: రైలు పార్సిల్ అంటే శ్రీకాకుళం రోడ్ స్టేషను, అంటే ఆమదాలవలసలో దిగుతుంది, అక్కడినుంచి ఆటో ఖర్చు మీదే. ఆర్టీసీ కార్గో అయితే నేరుగా ఊళ్ళో కాంప్లెక్సుకి వస్తుంది. 20, 30 కిలోల కట్టకి అదే మేలు.

ఏడురోడ్ల షాపు
పుస్తకాలకి జీఎస్టీ లేదు కదా, కాబట్టి రిజిస్ట్రేషనూ అక్కర్లేదు అంటున్నారు. నిజమేనా?

మూడులాంతర్లు
పుస్తకాలు ఒక్కటే అమ్మితే అక్కర్లేదు. కానీ మీ షాపులో పెన్నులు, ఫైళ్ళు కూడా ఉంటాయి. పన్ను పడే సరుకు కొంచెం ఉన్నా, రిజిస్ట్రేషనుకి పెట్టిన ఏడాదికి ₹40 లక్షల పరిమితి లెక్కలో పుస్తకాల అమ్మకం కూడా కలుస్తుంది. ఇక్కడే పొరబడతారు. మీ మొత్తం ఎంత ఉందో మీ ఆడిటరుకి చూపించండి.

గ్రంథాలయ బల్ల
రచయితల పుట్టినరోజులు, ఉత్సవాల తేదీలు చెప్తాను, వాటికి నెల ముందు సరుకు మీ దగ్గర ఉండాలి. ఆగస్టు 29 గిడుగు, సెప్టెంబరు 21 గురజాడ, నవంబరు 9 కారా, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, జనవరి 17 చాసో, ఫిబ్రవరి 22 కథానిలయం (తెలుగు కథల గ్రంథాలయం) వార్షికోత్సవం. బడులు బహుమతి పుస్తకాలు కొనేది ఆగస్టు, నవంబరుల్లో. ₹50, ₹100 లోపు చిన్న పుస్తకాలు అప్పుడు వందల్లో పోతాయి. గురజాడ గేయాలు, కథల చిన్న సంపుటాలు దానికి పనికొస్తాయి. విజయనగరం షాపులకి ఇంకో మాట, దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. ఆ రోజూ, దాని ముందు రోజూ పార్సిలు తెప్పించుకోవద్దు, వీధుల్లో బండి కదలదు.

ఏ కథ ఎప్పుడు, ఏ పత్రికలో వచ్చిందో తేలకపోతే కథానిలయం వెబ్‌సైటులో రచయిత పేరుతో వెతకండి. మన ఊళ్ళోనే 1997లో కారా మాష్టారు మొదలుపెట్టారు. సంకలనాల వెనక అట్ట మీద వేసిన సంవత్సరాలు తరచూ పుస్తకం అచ్చయిన ఏడాదే తప్ప కథ వచ్చిన ఏడాది కాదు.

ఏడురోడ్ల షాపు
అందరికీ రుణపడి ఉన్నాను. నాలుగేసి కాపీల పన్నెండు ఇలా అనుకుంటున్నాను: కన్యాశుల్కం (ఏడంకాలది, అర్థాలు ఉన్నది), గురజాడ కథలు, చాసో కథలు, యజ్ఞంతో తొమ్మిది, ఆరు సారా కథలు, అల్పజీవి, వీరబొబ్బిలి, గోపాత్రుడు, దగాపడిన తమ్ముడు, ఏటిపాట, శిలకోల, క్షతగాత్రగానం. సరేనా? ఆగస్టు 29కి గిడుగు పుస్తకం ఏదీ లేదే ఇందులో?

బొంకులదిబ్బ (విజయనగరం)
జాబితా బాగుంది. 'పిలకతిరుగుడు పువ్వు' రెండు కాపీలు కలపండి. గోపాత్రుడు కొన్నవాడు పది రోజుల్లో దాని కోసం మళ్ళీ వస్తాడు.

గిడుగు వారి సొంత రచనల్లో 'బాలకవి శరణ్యం', 'గద్యచింతామణి' పండితులతో వాదం కోసం రాసినవి, మామూలు చదువరి చేతికి అందవు. ఒక్కొక్కటి దొరికితే పెట్టండి. సవర నిఘంటువు (1938) స్కాను ఎవరైనా చదువుకోవచ్చు, హక్కుల ఇబ్బంది లేదు. ఆ రోజు అరలో ఆయన జీవిత చరిత్ర చిన్నది ఒకటి, పక్కన కన్యాశుల్కం పెట్టండి. వాడుక భాష కోసం గిడుగు వాదించాడు, గురజాడ రాసి చూపించాడు. రెండూ పక్కపక్కన ఉంటే కొనేవాళ్ళే అడుగుతారు ఎందుకలా పెట్టారని.

గంటస్తంభం
ఆర్డరు జూలై మొదటి వారంలో వెళ్ళిపోవాలి. ఒక్క పంపిణీదారు దగ్గర పన్నెండూ దొరకవు, కనీసం మూడు చోట్లకి రాయాల్సి వస్తుంది. మన్యం రచయితలవి రచయితల దగ్గరే అడగండి. కట్ట రాగానే కుట్టుబైండు గారు చెప్పిన ఫారాల పరీక్ష చేసి, లోపాలేమైనా ఉంటే ఇక్కడ రాయండి. ఏ ముద్రణలో ఏం తప్పుందో మిగతా షాపుల వాళ్ళకీ తెలుస్తుంది.